పాట కట్టినవాళ్ల పండగ: ముదిగుబ్బ నుంచి కొన్ని పాఠాలు

వాగ్గేయకారుల ఆరాధనలు జరిపించడంలో నా వయసు చాలా భాగం గడిచిపోయింది. పగలు బడిలో తెలుగు చెప్పేవాణ్ని, పొద్దుగూకితే భజన మందిరంలో హార్మోనియం ముందు కూర్చునేవాణ్ని. నేను విద్వాంసుణ్ని కాను, ఆ సంగతి ముదిగుబ్బకంతా తెలుసు. చందాలు వసూలు చేయడం, షామియానా వేయించడం, పిల్లలతో సరళీ వరసలు అనిపించడం, అలిగి కూర్చున్న మృదంగం ఆయన్ని బతిమాలి తీసుకురావడం, ఇవీ నేను చేసిన పనులు. ఇప్పుడవి మీ చేతికి వచ్చాయి. నాలుగు మాటలు చెప్పమన్నారు గనక రాస్తున్నాను. అడక్కపోయినా చెప్పేవాణ్నేమో, ముసలితనం అలాంటిది.

1. పండగ ఒక్క పూట, పాఠం ఏడాది పొడుగునా.

మొదట్లో మా కమిటీ ధ్యాసంతా ఆ ఒక్కరోజు మీదే. అనంతపురం నుంచి మంచి మైకు సెట్టు తేవాలి, పేరున్న గాయకుణ్ని పిలవాలి, వీధి చివరిదాకా సీరియల్ లైట్లు వేలాడాలి. తెల్లారితే మిగిలేవి అద్దె బాకీలు. పిల్లలు నేర్చుకునే హార్మోనియానికేమో తిత్తి చిరిగి, తోసిన గాలి సగం పక్కనుంచి బుస్సున పోయేది. ఒక మెట్టు నొక్కితే మళ్లీ పైకి లేచేది కాదు. ఎవరు ఏ రాగం ఎత్తుకున్నా దాని అడుగున ఆ ఒక్క స్వరమే గుయ్యిమంటూ ఉండేది. పిల్లలు దానికి అలవాటు పడిపోయి, అది మోగకపోతే శ్రుతి తప్పేవాళ్లు. బాగు చేయించడానికి డబ్బుల్లేవని నేనే ఏటికేడాది వాయిదా వేశాను. వేదిక వెనక పూల అలంకరణకు మాత్రం ఏ ఏడూ లోటు రానివ్వలేదు.

ఆ పిల్లల్లో ఒక పాపకు గొంతు బాగా పలికేది. శనక్కాయ పంట పోయిన ఏడు అమ్మానాన్న కూలికని బెంగళూరు పోతూ ఆ పాపను వెంటబెట్టుకుని పోయారు. పాపను అవ్వ దగ్గర ఉంచండి, తిండికి చదువుకు కమిటీ ఎంతో కొంత ఇస్తుంది అని ఒక్క మాట అని ఉంటే ఆగేవాళ్లే. ఆ మాట నాకు తోచలేదు. ఆ ఏడు పండగ ఘనంగా జరిగిందని ఊరంతా అంది.

విజయనగరం రాజావారు 1919లో సంగీత కళాశాల పెట్టారు. చూపు లేని ఒక కుర్రవాడికి సంగీతం నేర్పించాల్సి వచ్చి ఆ ఆలోచన పుట్టిందంటారు. మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, వయొలిన్ నేర్పినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. తర్వాతి రోజుల్లో ఘంటసాల ఆ కళాశాలకు చదువుకోవడానికి వచ్చి, గడవక, మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. రాజావారు బడి పెట్టారు సరే, ఇన్ని ఇళ్లవాళ్లు ఆ పిల్లవాడికి ముద్ద పెట్టకపోతే ఆ గొంతు మనదాకా వచ్చేదా? సంగీతం చెప్పించడమంటే పంతులికి జీతమివ్వడం ఒక్కటే కాదు. నేర్చుకునే బిడ్డ ఆ ఊళ్లో, ఆ పూట, ఆకలి లేకుండా కూర్చోగలగాలి. మనలాంటి కరువు సీమలో ఇది ఇంకా ముఖ్యం.

మాయామాళవగౌళలో తొలి పాఠాలు కూర్చినవాడు పురందరదాసని సంప్రదాయం. అన్ని కీర్తనలు రాసిన మనిషి సరిగమలు దిద్దించడం చిన్న పని అనుకోలేదు. మీరు కూడా వసూలైన దాంట్లో సగం ముందే తీసి పక్కన పెట్టండి. పంతులి జీతం, వాద్యాల మరమ్మతు, దూరపు పల్లె పిల్లల బస్సు చార్జీలు, వాళ్ల సాయంత్రం టిఫిను అందులోంచి పోవాలి. మిగిలిన సగానికి ఎంత పందిరి వస్తే అంతే పందిరి.

2. ఇల్లిల్లూ తిరిగి ఎత్తిన గింజలతోనే పండగ ఊరిదవుతుంది.

త్యాగరాజస్వామి తంజావూరు రాజు పిలుపును కాదని, వీధిలో పాడుకుంటూ పోయి, దొరికిన బియ్యంతో బతికారని చెప్పుకుంటాం. అందుకే ఆయన ఆరాధనలో ఉంఛవృత్తి భజన ఉంటుంది. మేమూ చేసేవాళ్లం. మన ఊళ్లో పాత్రలో పడేది బియ్యం ఒక్కటే కాదు. జొన్నలు, కొర్రలు, గుప్పెడు శనక్కాయ గింజలు, ఎవరింట ఏదుంటే అది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది, అదీ పైరుకు కావాల్సినప్పుడు పడదు. అలాంటి చోట ఇంటావిడ చేట నిండా తెచ్చిందా, పిడికిలి పట్టి తెచ్చిందా చూస్తే ఆ ఏడు పంట ఎలా పండిందో తెలిసిపోయేది. పిడికిలి తెచ్చిన ఇల్లే సాయంత్రం పందిట్లో ముందు వరసలో కూర్చునేది.

ఒక ఏడు ఒక పెద్దమనిషి ఖర్చంతా నాదేనన్నాడు. తిరిగే పని తప్పిందని సంబరపడ్డాం. ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ నిలువెత్తు, త్యాగయ్య బొమ్మ తపాలా బిళ్లంత. గజ్జెలు కట్టుకుని సాయంత్రం నుంచి కాచుకున్న పిల్లలు, శాలువాలూ ప్రసంగాలూ ముగిసేసరికి తల్లుల ఒళ్లో నిద్రపోయారు. రాత్రి 10 దాటితే మైకు కట్టేయాలన్నది రూలు. కానిస్టేబులు వచ్చి పందిరి గుంజ పక్కన మొహమాటంగా నిలబడ్డాడు. మేలుకుని ఉన్న పిల్లలు మైకు లేకుండానే పాడారు.

మరుసటేడు ఆ పెద్దమనిషి రాలేదు. మేం మళ్లీ పాత్ర పట్టుకుని వీధిలోకి పోతే ఒక అవ్వ గడపలోనే నిలబడి, "అది ఆయప్ప పండగ గదా సామీ, మమ్మల్నేల అడుగుతారు?" అంది. ఆ మాట ఊళ్లోవాళ్ల నోట పోవడానికి చాలా కాలం పట్టింది. పెద్ద చందా వద్దని నేను చెప్పను. అది పక్కన పెట్టిన ఆ సగంలోకి, పిల్లల చదువులోకి పోవాలి. పందిరి మాత్రం గింజలతోనే లేవాలి. ఇచ్చిన వాళ్ల పేర్లన్నీ ఒకే సైజు అక్షరాల్లో రాయండి.

3. పోయినవాళ్లకు దండ వేయడం సులువు.

మన మండలంలో మద్దిలేరు మీద కట్టిన జలాశయానికి యోగి వేమన పేరు పెట్టుకున్నాం. మంచిదే. వేమన ఇప్పుడొచ్చి నీళ్లెవరికి పోతున్నాయని అడగడు గనక పేరు పెట్టడంలో ఇబ్బంది లేదు. బతికున్న కవి అలా కాదు, ఎదురొస్తాడు, అడుగుతాడు.

చెక్కభజన నేర్పే గురువు ఒకాయన ఉండేవాడు. ఏ పల్లెవాళ్లు పిలిస్తే ఆ పల్లెకు పోయి, రాత్రిపూట వీధి దీపం కింద మగపిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి అడుగులు నేర్పేవాడు. పిల్లలకు అడుగు కుదిరాక గజ్జెపూజ. ఆ రోజు ఊరు ఆయనకు పంచె పెట్టి, ఇవ్వగలిగింది ఇచ్చి పంపేది. పాత పాటలు నేర్పుతూనే తనవీ కట్టేవాడు. కదిరి పున్నమి తేరు మీద ఒకటి, ధర్మవరం పాకాల లైన్లో తిరిగిన మీటర్‌గేజి రైలు మీద ఒకటి, వాన ముఖం చాటేసిన ఏళ్ల మీద చాలా. ఆయన పాట కడుతుంటే దగ్గర కూర్చుని చూశాను. కాగితం ముట్టేవాడు కాదు. చెక్కలు మెల్లగా తాటిస్తూ అడుగు వేసేవాడు, నోట్లో ఏదో గొణుక్కునేవాడు. మాట అడుగుకు పొడుగైతే మాట మార్చేవాడు. మాట మరీ బాగుందనిపిస్తే దాన్ని వదల్లేక అడుగునే మార్చేవాడు. అప్పుడు పిల్లలందరూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి, విసుక్కునేవాళ్లు.

ఆయన ఒకసారి మా పందిరి దగ్గరికి వచ్చి, "సారూ, నేను కట్టినేటివి మీ పందిట్లో ఒక్కటన్నా పాడిచ్చినారా ఎప్పుడన్నా?" అన్నాడు. "ఇది వాగ్గేయకారుల ఉత్సవం గదప్పా" అన్నాను నేను. మాటా తానే కట్టి, వరసా తానే కట్టి, దానికి అడుగు కూడా తానే వేసే మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఆ మాటన్నాను. ఆయన కోప్పడలేదు. ప్రసాదం తీసుకుని పోయాడు. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే మాటలు చాలానే ఉన్నాయి గానీ ఇది అన్నిటికంటే పైన ఉంటుంది.

కదిరి దాటి దక్షిణానికి పోతే కర్ణాటకలో చింతామణి దగ్గర కైవారం ఉంది. అక్కడి నారాయణప్ప గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగినవాడంటారు. తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలూ కీర్తనలూ కట్టాడు. గురుపౌర్ణమికి అక్కడ మూడు రోజులు రాత్రింబవళ్లు సంగీతం ఆగదు. కచేరీ విద్వాంసులూ పాడతారు, పల్లె భజన బృందాలూ పాడతాయి. గాజులమ్మినవాడు వాగ్గేయకారుడని ఆ ఊరు ఒప్పుకుంది. చెక్కలు పట్టినవాణ్ని ఒప్పుకోవడానికి నాకేం అడ్డొచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే, చదువుకున్న అహంకారం తప్ప ఇంకేమీ కనిపించదు. త్యాగయ్యకు అమెరికాలో క్లీవ్‌లాండ్ వాళ్లు కూడా 1978 నుంచి ఆరాధన చేస్తున్నారు, మనం చేయకపోయినా ఆయనకు లోటు లేదు. మన పల్లెలో పాట కట్టినవాడికి మనం తప్ప చేసేవాళ్లు లేరు.

4. మాట రేకు మీద నిలుస్తుంది, వరస గొంతుతోనే పోతుంది.

తాళ్లపాక అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయారు. ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో భద్రం చేశారు. వందల ఏళ్లు అవి ఎవరి కంటా పడలేదు. 1920ల్లో వెలుగు చూశాక పండితులు పరిష్కరించారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. అన్నమయ్య వాటిని ఏ వరసలో పాడారో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అప్పుడు వాటికి కొత్తగా స్వరాలు కట్టినవాళ్లలో ముందువరస మనిషి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో మన అనంతపురం సీమలోనే, కంబదూరు దగ్గర రాళ్లపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి, ఆ తర్వాత తిరుపతి చేరి ఈ పని నెత్తికెత్తుకున్నారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మనం ఈరోజు అన్నమయ్య పాట అని పాడే వాటిలో ఎన్నింటికో వరస మన సీమ మనిషిది. తెలుగు మాస్టర్లను సంగీతగాళ్లు చులకనగా చూస్తే నేను ఈయన పేరు చెప్పి ఊరుకుంటాను.

ఆ చెక్కభజన గురువు పోయాక కొడుకు ఒక నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన చెబుతుంటే ఎవరో బడిపిల్లవాడు రాసిపెట్టినట్టుంది, గుండ్రటి అక్షరాలు. నూనె మరకలు, మధ్యమధ్య కిరాణా లెక్కలు. రైలు పాట దొరికింది. దాని నెత్తిన 'పాత పాట వరస' అని రాసుంది. ఏ పాత పాటో రాయలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లను పిలిచి పాడమంటే ఒకరు ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా ఎత్తుకున్నారు. ఇద్దరూ నాదే నిజమన్నారు. ఆయన బతికున్నప్పుడు నా ఇంట్లో టేప్ రికార్డర్ ఉంది. దాంట్లో వేరే ఊళ్ల కచేరీలు వింటూ కూర్చున్నాను.

మీ జేబుల్లో ఫోన్లున్నాయి. పాట కట్టినవాళ్లను పిలిచి కూర్చోబెట్టి, ఒక్కో పాట మూడుసార్లు పాడించి పట్టండి. ఒకసారి మాట తెలిసేలా మెల్లగా, ఒకసారి అడుగుతోనో పనితోనో పాడే వేగంలో, ఒకసారి వంతపాడే వాళ్లతో కలిపి. మొదట్లోనే పేరు, ఊరు, తేదీ వాళ్ల నోటితోనే చెప్పించండి. కాపీలు ఒకచోట ఉంచొద్దు. కలుపు తీస్తూ, శనక్కాయలు ఒలుస్తూ పాడే ఆడవాళ్ల దగ్గరికైతే మీరే చేనికి పోవాలి. వాళ్లను పందిట్లోకి తెచ్చి మైకు ముందు నిలబెడితే పాట సగం మరిచిపోతారు. చేతిలో పని లేకపోతే వరస రాదు వాళ్లకు.

5. పేరు చెప్పకుండా పాడితే ఎరువు సొమ్ము దాచుకున్నట్టే.

త్యాగయ్య ప్రతి కీర్తన చివరా తన పేరు పెట్టుకున్నారు. కైవారం ఆయనకూ ముద్ర ఉంది. మన పల్లె పాటగాళ్లకు ఆ అలవాటు తక్కువ. అందుకే వాళ్ల పాట ఊరు దాటితే జానపదమై, టౌను చేరేసరికి సేకరణ అయి, అక్కడ ఎవరి పేరో తగిలించుకుంటుంది. మన దేశ చట్టం ప్రకారం రాసినవాడు బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు పాట మీద హక్కు ఉంటుంది. చదువు రానివాడికీ ఆ హక్కు ఉంది. పందిట్లో ఎవరు పాడినా ముందు కట్టినవాళ్ల పేరు, ఊరు చెప్పించండి. వీడియో పెట్టే ముందు ఇంటికి పోయి అడగండి.

6. పందిరి బయట ఎవరు నిలబడ్డారో చూసుకోండి.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని విని, బెంగళూరు నాగరత్నమ్మ కదిలింది. 1878లో పుట్టిన దేవదాసి ఆవిడ, తెలుగు బాగా చదువుకున్న మనిషి. ముద్దుపళని కావ్యాన్ని 1910లో అచ్చు వేయించి ప్రభుత్వంతో నిషేధం తెచ్చుకుంది కూడా. తన సొమ్ముతో ఆ స్థలం కొని, 1920ల్లో గుడి కట్టించింది. అప్పటికే అక్కడ ఆరాధన జరిపే రెండు వర్గాలున్నాయి. ఆడవాళ్లు పాడటానికి ఆ వర్గాలు ఒప్పుకోలేదు. తాను కట్టించిన గుడిలో తనకే పాడే చోటు లేకపోతే, ఆడవాళ్లను కూడగట్టి మూడో ఆరాధన మొదలుపెట్టింది. 1940 ప్రాంతంలో అందరూ ఒకటయ్యారు. ఇప్పుడు టీవీలో పంచరత్నాలు చూస్తుంటే వరసలు వరసలుగా ఆడవాళ్లు కనిపిస్తారు. 1952లో ఆవిడ పోయారు, సమాధి అక్కడే ఉంది.

ఈ కథ నేను బడిలో పిల్లలకు చెప్పేవాణ్ని. సాయంత్రం మందిరానికి పోయి, ఆడవాళ్లను మంగళహారతి పాటకు మాత్రం పిలిచేవాణ్ని. ఉరుము వాద్యం కొట్టేవాళ్లను ఊరేగింపు ముందు నడిపించి, పందిరి దగ్గరికి రాగానే ఆపమని చెయ్యి ఊపేవాణ్ని. వాళ్లు రోడ్డు పక్కన చెట్టు కింద ఉరుము దించుకుని, బీడీ కాల్చుకుంటూ మా కచేరీ వినేవాళ్లు. అది తప్పని ఎవరూ నాతో అనలేదు, నాకూ అనిపించలేదు. మన పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఇళ్లలో ఆడవాళ్లు తెర వెనక కూర్చుని తెల్లవార్లూ పాడే ఆనవాయితీ ఉంది. ఇంత దగ్గర పెట్టుకుని, ఆడ గొంతు కావాలంటే బయట ఊళ్లకు ఉత్తరాలు రాసేవాళ్లం.

7. నోటి లెక్క నోటితోనే పోతుంది.

సంఘం పెట్టాలంటే 2001 నాటి రాష్ట్ర చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. రిజిస్టరు చేయించండి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టండి, ఆ ఇద్దరూ బంధువులు కాకూడదు. రూపాయి వచ్చినా రసీదు చింపండి. ఎత్తిన గింజలు అమ్మిన లెక్క కూడా రాయండి. పండగయిన వారానికి జమాఖర్చు కాగితం మందిరం గోడకు అంటించండి. మంచివాళ్లమధ్య అనుమానం పుట్టి పండగలు ఆగిపోవడం నేను చూశాను, డబ్బు తిన్నవాడు ఎవడూ లేకుండానే.

8. పోటీ పెడితే పాటలు పెరగవు, ఫిర్యాదులు పెరుగుతాయి.

ఈ ఏడు కొత్త పాటల పోటీ పెట్టి, మొదటి మూడు బహుమతులు ఇస్తామంటున్నారు. మీ ఉత్సాహం నాకర్థమవుతుంది. పోటీ అంటే కుర్రాళ్లు వస్తారు, ఫోన్లలో నాలుగు ఊళ్లకు పాకుతుంది. చిన్నపిల్లలకు సరళీ జంట వరసల్లో పోటీ పెట్టండి, అది వాళ్లకు సాధన చేయిస్తుంది. పాట కట్టేవాళ్ల సంగతి వేరు. కరువు మీద పాట కట్టిన అరవై ఏళ్ల మనిషికి, కాలేజీ పిల్లవాడికీ మార్కులు వేయడానికి మన దగ్గర ఏం కొలత ఉంది? ఓడినాయన మళ్లీ మన పందిరి తొక్కడు. గెలిచినాయన మరుసటేడు అదే పాటను రెండు మాటలు మార్చి తెస్తాడు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, పద్యాల పోటీ పెట్టి చూశాను. ఆ డబ్బునే సమంగా పంచి, కొత్త పాట తెచ్చిన ప్రతి ఒక్కరికీ దారి ఖర్చు, భోజనం, పాడటానికి పావుగంట ఇవ్వండి. పాట నచ్చితే పిల్లలు నేర్చుకుంటారు. మరుసటి ఏడు ఎన్ని గొంతుల్లో ఉందో అప్పుడు తెలుస్తుంది.

మీరు ఒప్పుకోరని తెలుసు. మొన్న కమిటీలో నా మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు గానీ పాంప్లెట్ మాత్రం పోటీ పేరుతోనే ప్రెస్సుకు పోయింది. అందులో జడ్జీల్లో నా పేరు కూడా వేశారట. అది తీసేయించండి. ఆ రోజు సాయంత్రం చిన్నపిల్లల వరసలకు హార్మోనియం పట్టేవాళ్లు కావాలంటే చెప్పండి, వస్తాను.